వియ్యపురాలి వంటింట్లో చక్కెర పాకం

కిందటి డిసెంబరు 24న డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో, మా అమ్మాయి అత్తగారింట్లో పండుగ భోజనానికి కూర్చునే భాగ్యం నాకు కలిగింది. అక్కడ క్రిస్మస్ విందు జరిగేది ఆ సాయంత్రమే. నాలుగు గంటలు కాకముందే చీకటి పడిపోయే ఆ రోజుల్లో, మధ్యాహ్నం నుంచీ నేను మా వియ్యపురాలి పక్కనే వంటింట్లో ఉండిపోయాను. మా అమ్మాయి నేర్పిందేమో, ఆవిడ నన్ను ఎంతో ఇష్టంగా "వదినగారూ" అని పిలుస్తారు.

ఆ రోజు చేసిన వాటన్నిటిలోకీ నా మనసును పట్టేసింది బ్రూనెదె కార్టోఫ్లర్, అంటే పాకం పట్టిన బంగాళాదుంపలు. పెద్ద ఉసిరికాయలంత దుంపలను తొక్కతోనే ఉడికించి, ఒలిచి, చల్లార్చి ఉంచారు. వెడల్పాటి పెనంలో చక్కెరను పలచగా పరిచి, నీటి చుక్కైనా వేయకుండా, గరిటె పెట్టకుండా సన్నని సెగ మీద కరగనిచ్చారు. అరిసెల పాకాన్ని మనం నీళ్ళలో వేసి, ఉండ కట్టి చూస్తాం. ఆవిడ మాత్రం రంగునే చూశారు. తేనె రంగు రాగానే వెన్న వేసి, దుంపలు వేశారు. చల్లని దుంపలు తగిలి పాకం అక్కడక్కడా గడ్డకట్టేసరికి, పాకం చెడిందన్న కంగారులో నేను గరిటె అందుకోబోయాను. ఆవిడ నా మణికట్టును మృదువుగా పట్టుకుని ఆపారు. కొద్ది నిమిషాలకు గడ్డలు మళ్ళీ కరిగి, ప్రతి దుంపకూ అద్దంలా మెరిసే పూత పట్టింది.

విందులో యాపిల్ ముక్కలూ ఎండు ప్లమ్ పండ్లూ కూరి కాల్చిన బాతు, వెనిగర్, చక్కెర వేసి ఉడికించిన ఎర్ర క్యాబేజీ, గోధుమ రంగు గ్రేవీ ఉన్నాయి. పంది మాంసం నాకు అలవాటు లేదని తెలిసి బాతునే ముందుగా నాకు వడ్డించారు. పాకం దుంపలతో పాటు ఉత్త ఉడికించిన దుంపలు కూడా పెట్టారు. గ్రేవీ కలుపుకోవడానికి అవి మనకు అన్నం లాంటివి.

అసలు అన్నం చివరికి తీపిగా వచ్చింది. పాలలో నెమ్మదిగా ఉడికించిన గంజి లాంటి అన్నాన్ని ముందురోజు దాల్చినచెక్క కలిపిన చక్కెరతో, మధ్యలో వెన్నముద్దతో వేడివేడిగా తిన్నాం. మిగిలిన దానిలో చిలికిన మీగడ, వెనిల్లా, తరిగిన బాదం కలిపి, చల్లగా, పైన వేడి చెర్రీ రసంతో వడ్డించారు. దీని పేరు రిస్ అలమాంగ్. మన పరమాన్నానికి చుట్టమే అనిపించింది. అందులో ఒకే ఒక్క నిండు బాదం దాస్తారు. అది దొరికినవారికి బహుమతి. కానీ గిన్నె ఖాళీ అయ్యేదాకా దాన్ని బయటపెట్టకుండా దాచుకోవాలి. మా అల్లుడి అక్కగారి అబ్బాయి దాన్ని బుగ్గలో పెట్టుకుని, మేమంతా వెతుక్కుంటూ తింటుంటే నోరు విప్పకుండా కూర్చున్నాడు.

లేచే ముందు చిన్నాపెద్దా అందరూ వండినావిడకు "టాక్ ఫో మాద్" అన్నారు, అంటే భోజనానికి కృతజ్ఞతలు. నేను "అన్నదాతా సుఖీభవ" అన్నాను. మా అమ్మాయి అర్థం చెప్పగానే, ఆవిడ ఆ మాటను నాచేత రెండుసార్లు నెమ్మదిగా పలికించుకున్నారు.

మర్నాడు మళ్ళీ దుంపలు ఉడికాయి. "వదినగారూ" అని పిలిచి, చక్కెర డబ్బా నా చేతికిచ్చి, ఆవిడ పొయ్యి దగ్గర నుంచి పక్కకు జరిగారు.