అమ్మాయి ఏ ఫోర్సులో చేరాలి?

హైస్కూల్ అయ్యాక అమెరికా మిలిటరీలో చేరతానని పిల్లలు అంటే మన ఇళ్ళలో మాట అక్కడే తెగిపోతుంది. ఈ సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు మా పెద్దమ్మ కూడా నన్ను నిలదీసింది: "అంత దూరం తీసుకెళ్ళి పిల్ల చేతికి తుపాకీ ఇస్తావా?" చేరాలా వద్దా అన్న దగ్గరే పెద్దలందరం ఆగిపోతాం. చేరితే ఎందులో, ఏ పనికి, ఎన్నేళ్ళకి అన్నవి మాత్రం పిల్లలు ఒంటరిగా, సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునే రిక్రూటర్ ముందు కూర్చుని తేల్చుకోవాల్సి వస్తుంది. అలా వదిలేయడం నాకు ఇష్టం లేదు.

మా అమ్మాయి టెక్సస్‌లో పుట్టింది. ఇప్పుడు పదిహేడేళ్ళు కాబట్టి మా సంతకాలు లేకుండా చేర్చుకోరు. "చేరాలనే ఉంటే ఇక్కడే చేరొచ్చుగా, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ మన పక్కనే ఉంది" అన్నాడు బాబాయ్. తను అమెరికా పౌరురాలు, భారత సంతతి విదేశీయులకి ఇచ్చే ఓసీఐ కార్డుతో మన సైన్యంలో చేరడం కుదరదు. అగ్నివీర్‌లా నాలుగేళ్ళకి ఇంటికి పంపేస్తారా అని ఇంకొకరు. మన దగ్గర నాలుగేళ్ళ తర్వాత 25 శాతం దాకానే ఉంచుకుంటారు. అక్కడ అలాంటి కోటా లేదు. పైగా 36 నెలలు యాక్టివ్ డ్యూటీ చేస్తే తర్వాత ప్రభుత్వ యూనివర్సిటీలో సొంత రాష్ట్రం వాళ్ళ ఫీజు మొత్తం, సైన్యంలో పనిచేసినవాళ్ళ చదువు కోసం ఉన్న జీఐ బిల్ పథకం కడుతుంది. ఇది విన్నాక పెద్దమ్మ కాస్త మెత్తబడింది.

అక్కడ ఫోర్సులంటే ఆర్మీ, నేవీ, మెరైన్స్, ఎయిర్‌ఫోర్స్, కోస్ట్ గార్డ్, 2019లో వచ్చిన స్పేస్ ఫోర్స్. మొత్తం ఆరు. మా అమ్మాయి మనసు మెరైన్స్ మీద. అన్నింట్లోకి కష్టమైన ట్రైనింగ్, 13 వారాలు, అందుకే అట. సైనిక్‌పురిలో ఉంటారు మా నాన్న, ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్‌గా చేరి ఇరవై ఏళ్ళు ఇంజిన్లు బాగుచేసిన మనిషి. మనవరాలు చెప్పిందంతా విని, "అది సరే తల్లీ, ట్రైనింగ్ మూడు నెలల్లో అయిపోతుంది. తర్వాత రోజూ పొద్దున్నే లేచి ఏం పని చేస్తావు? నీ ట్రేడ్ ఏంటి?" అన్నారు. తన దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు తాతా మనవరాలూ లాప్‌టాప్ ముందే. చేరాలనుకునేవాళ్ళకి పెట్టే ఆస్వాబ్ అనే పరీక్షలో వచ్చే మార్కులను బట్టి ఏ పనులకు అర్హత ఉంటుందో తేలుతుంది. ఆర్మీలో మామూలుగా పని పేరు కాంట్రాక్టులోనే రాస్తారు. ఎయిర్‌ఫోర్స్‌లో ఒక విభాగానికి ఒప్పుకుని చేరితే, అసలు పని ఏదో తర్వాత తెలియొచ్చు. సంతకం పెట్టేది నాలుగేళ్ళకే అనుకున్నా, అవసరమైతే మళ్ళీ పిలిచే రిజర్వ్‌ కాలంతో కలిపి బాధ్యత మొత్తం ఎనిమిదేళ్ళు. రిక్రూటర్ నోటితో చెప్పిందేదీ లెక్కలోకి రాదు, కాగితం మీద ఉన్నదే. ఈ సంగతి నాన్న తనతో మళ్ళీ మళ్ళీ చెప్పించారు.

నాకు లోపల మెలిపెట్టింది వేరే విషయం. ఒక జెండాకి సెల్యూట్ చేసి బతికిన మనిషి ముందు, మనవరాలు ఇంకో జెండాకి ప్రమాణం చేస్తానంటోంది. రాత్రి భోజనాలయ్యాక ధైర్యం చేసి నాన్నని అడిగాను. "అది పుట్టిన నేల అది, నేను పుట్టిన నేల ఇది. అబద్ధపు ప్రమాణం చేస్తే బాధపడాలి" అన్నారు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన తండ్రికి అమెరికాలో పుట్టిన రాజా చారి 2021లో నాసా క్రూ-3 యాత్రకి కమాండర్‌గా అంతరిక్షానికి వెళ్తే మనమంతా మనవాడే అని పొంగిపోయాం. ఆయన అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఆఫీసరే కదా. వ్యోమగామి అయితే మనవాడు, మెకానిక్ అయితే కాదా?

ఇప్పుడు మా అమ్మాయి హెలికాప్టర్ మెయింటెనెన్స్ అంటోంది. ఆర్మీయా, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళను కాపాడే కోస్ట్ గార్డా అన్నది ఆస్వాబ్ రాశాక చూస్తుంది. కాంట్రాక్టులో ఆ పని పేరు కనిపిస్తే సంతకం పెడతానని మాటిచ్చాను. పద్దెనిమిది నిండితే నా సంతకం అక్కర్లేదు, అది తనకీ తెలుసు. అయినా నన్ను అడుగుతోంది.