తోక లేపే గడియారం

మన బడి పత్రిక ఈ సంచికకు గురువుల గురించి రాయమన్నారు. మన ఫిజిక్స్ సారు గురించి రాయాలంటే నేను డీథర్మలైజర్ గురించే, అంటే ఎగిరే బొమ్మ విమానాన్ని అనుకున్న సమయానికి కిందికి దించే ఏర్పాటు గురించే రాయాలి. క్లాసులో ఆయన చెప్పిన పాఠాలన్నిటికంటే లోతైన పాఠం ఆ చిన్న ఏర్పాటులో ఉందని ఇప్పటికీ నమ్ముతున్నాను.

తర్వాతి బ్యాచీల వాళ్లకోసం కొంత ముందుగా చెప్పాలి. సైన్సు క్లబ్బులో మేం చేసినవి ఫ్రీ ఫ్లైట్ గ్లైడర్లు, అంటే ఇంజను లేకుండా తమంతట తామే గాలిలో తేలే బొమ్మ విమానాలు. రిమోట్ ఉండదు. పొడుగాటి నైలాన్ దారం కట్టి, గాలికి ఎదురుగా పరుగెత్తి పైకి లాగుతాం. కొక్కెం నుంచి దారం ఊడిందంటే ఇక దాని మీద మన పెత్తనం పోయినట్టే. బాల్సా అనే తేలికపాటి చెక్క మద్రాసు నుంచి వచ్చేది. అది అయిపోతే వెదురు బద్దలు, గాలిపటాల కాగితం.

ఎగరేసేది స్వర్ణముఖి ఇసుకలో. వానలు పడ్డ నాలుగు రోజులు తప్పిస్తే ఏరు ఎండిపోయే ఉండేది. ఆ ఇసుక, పక్కన దున్ని వదిలిన చెనిక్కాయ చేలు, ఉత్తరాన శేషాచలం బండలు, పొద్దెక్కేసరికి అన్నీ కాగిపోయేవి. చెరకు తోటల మీది గాలి ఇంకా చల్లగా ఉండగానే ఇసుక మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. రెక్క ఆడించకుండా గద్దలు సుడి తిరుగుతున్నాయంటే అక్కడ థర్మల్ ఉన్నట్టే.

మా సీనియర్ అన్న ఒకాయన గ్లైడరు అలాంటి దాంట్లో చిక్కింది. గద్దల్ని కూడా దాటిపోయి కొండల వైపు కొట్టుకుపోయింది. సైకిళ్లేసుకుని తరిమినా దొరకలేదు. ఎండాకాలం సెలవులంతా కూర్చుని చేసుకున్నది. మర్నాడు సారు బోర్డు మీద లెక్క వేశారు. కదలని గాలిలో సెకనుకు అర మీటరు చొప్పున దిగే గ్లైడరు, సెకనుకు 2 మీటర్లు లేచే గాలిలో పడితే ఏమవుతుంది? సెకనుకు ఒకటిన్నర మీటరు పైకే పోతుంది. 3 నిమిషాల్లో 270 మీటర్లు. "గ్లైడరు దిగతానే ఉందిరా అబ్బోడా, గాలే దాన్ని ఎత్తుకుపోతా ఉంది" అన్నారు. సాపేక్ష వేగం అంటే ఏమిటో క్లాసు మొత్తానికి అర్థమైంది ఆ రోజే. "అది పైకి పోయేది పోతాది. ఎప్పుడు దిగల్లో మనం ముందే చెప్పి పంపల్ల."

ఆ చెప్పి పంపడమే డీథర్మలైజర్. గ్లైడరు తోకరెక్కను ముందంచు దగ్గర కదిలేలా అమర్చి, వెనకంచును దారంతో కిందికి బిగించి ఉంచుతాం. దాన్ని పైకి లాగడానికి ఒక రబ్బరు బ్యాండు ఎప్పుడూ కాచుకుని ఉంటుంది. అనుకున్న సమయానికి దారం తెగిందా, వెనకంచు టక్కున పైకి లేస్తుంది. ఎంతవరకు లేవాలో ఇంకో దారం ఆపుతుంది. 40 నుంచి 45 డిగ్రీలు ఉండాలి. తగ్గిందంటే గ్లైడరు మునుగుతూ తేలుతూ ఎగురుతూనే ఉంటుంది. కోణం సరిపోతే రెక్కలు పూర్తిగా స్టాల్ అయి, అంటే గాలిలో నిలబెట్టే పట్టు కోల్పోయి, ముక్కు నేలకు గుచ్చుకోకుండా, పొట్ట కిందికే ఉంచుకుని పారాచూట్‌లా దిగుతుంది. వేలెడంత తోకరెక్క అంత పెద్ద రెక్కల్ని లొంగదీయడం చూసి తీరాలి.

ఇక సమయం సంగతి. మొదట మేం వాడింది వత్తి. నూలు వత్తిని సూరేకారం కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడితే మంట లేకుండా నిప్పు కణికలా నిదానంగా పాకుతుంది. తోకను పట్టి ఉంచే దారం బదులు సన్నటి రబ్బరు బ్యాండు వేసి, అందులోకి వత్తి దూర్చి, చివర అంటించి వదలడమే. నిప్పు చేరగానే రబ్బరు తెగుతుంది. సెంటీమీటరు కాలడానికి ఎన్ని సెకన్లో కొలిచి గ్రాఫు గీయమనేవారు సారు. గాలిలో తేమ ఉన్న పొద్దున వత్తి మందంగా కాలేది, ఎండలో చురుగ్గా. ఒకే గీత రాదు. రాకపోవడమే ఆయనకు కావలసింది. "ఎందుకు రాలేదో రాయండి" అనేవారు. రికార్డు బుక్కులో ఉన్న అచ్చు జవాబులకు ఆ ప్రశ్న ఎప్పుడూ ఎదురవలేదు.

కాలిన వత్తి తునక ఎండుగడ్డిలో పడితే కొండలకే ప్రమాదం. అందుకే నిప్పు రబ్బరును దాటగానే ఊపిరాడక ఆరిపోయేలా వత్తి అడుగును చిన్న లోహపు గొట్టంలో పెట్టేవాళ్లం. అయినా ఫాల్గుణం దాటాక వత్తిని సారు పూర్తిగా మాన్పించేశారు. చాలా సరైన పని.

దాంతో గోవిందరాజస్వామి గుడి వీధుల్లో కీ ఇచ్చే బొమ్మలు కొనుక్కొచ్చాం. లోపలి స్ప్రింగు, పళ్లచక్రాలు తీసుకుని, చివర ఒక గాడి కోసిన బిళ్ల బిగిస్తే టైమరు తయారు. గాడి తిరిగి వచ్చి తీగ కింద నిలబడగానే తీగ అందులోకి జారి దారం వదిలేస్తుంది. అంతర్జాతీయ పోటీల్లోనూ చాలాకాలం ఆడింది ఇలాంటి గడియారపు టైమర్లే. మెలిపెట్టిన రబ్బరుతో పంకా తిరిగే బొమ్మ విమానాలకు వేక్‌ఫీల్డ్ కప్పు పోటీ 1928 నుంచి ఉంది. గ్లైడర్ల పోటీలో దారం 50 మీటర్లు, మామూలు రౌండులో లెక్కించే గరిష్ఠ సమయం 3 నిమిషాలు. అంతకు మించి ఎగిరినా మార్కు రాదు, గ్లైడరు పోయే ప్రమాదం తప్ప. కాబట్టి 3 నిమిషాలు దాటగానే తోక లేవాలి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ టైమర్లు వచ్చాయి, కింద నుంచి రేడియోతో తోక లేపే ఏర్పాటూ వచ్చింది.

మేం బడి వదిలాక తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడార్ వచ్చింది. 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో గాలి అడ్డంగానే కాదు, నిలువునా ఎలా కదులుతోందో కొలుస్తుంది. చిత్తూరు రోడ్డున పోయినప్పుడల్లా దానికేసి చూస్తాను. గద్దల్ని చూసి మేం ఊహించిన గాలి కదలికను అంకెల్లో రాసుకునే చోటు మన పక్కనే ఉంది. పిల్లల్ని అక్కడికి తప్పకుండా తీసుకెళ్లాలి.

ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఇది. కొత్త ల్యాబులో డ్రోన్లు నేర్పుతున్నారు, సంతోషం. వాటి పక్కన ఒక బల్ల గ్లైడర్లకు ఇవ్వండి. వత్తి వద్దు, కీ టైమరుతో మొదలుపెడదాం. మొదట 20 సెకన్లకే కట్టి, పొద్దు ఎక్కకముందే ఎగరేయిద్దాం. గ్రాఫు మాత్రం ప్రతి పిల్లా పిల్లాడూ సొంతంగా గీయాలి. బాల్సా ఖర్చు మా బ్యాచీ పెట్టుకుంటుంది. ఆదివారాలు నేనొచ్చి నేర్పుతాను.