బడి సీసా ఇంకా తక్కువే చూపిస్తోంది

బడి ఆవరణలో ఒకటి, చేలల్లో నాలుగు సీసా వానమాపకాలు (పైభాగం కోసి, గరాటులా బోర్లించిన ప్లాస్టిక్ సీసాలు). రైతులు పొద్దున్నే కొలిచి పిల్లల చేత చీటీ పంపడం, అది బోర్డు మీదికెక్కడం సాఫీగానే సాగుతోంది. మిల్లీమీటర్ల పక్కన ఎకరానికి ఎన్ని లీటర్లో (మి.మీ.కి దాదాపు 4,000) రాశాక బోర్డు దగ్గర ఆగేవాళ్లు పెరిగారు. సతాయిస్తున్నదల్లా బడి సీసానే.

పశువులూ బంతులూ తగలవని మొదట దాన్ని డాబా మీద పెట్టారు. గాలివానకి చేలల్లో 20 మి.మీ. వస్తే అక్కడ 16. గాలి లేనప్పుడు తేడా అర మిల్లీమీటరే. డాబా అంచున పైకి లేచే గాలి చినుకుల్ని సీసా మూతి దాటించేస్తుంది మరి. కిందికి దించాలంటే కంచె కావాలి. పక్క చేనువాళ్లు పాత వల, గుంజలు ఇచ్చారు. ఇప్పుడు మూతి నేలకి 30 సెం.మీ. ఎత్తున, 2 మీటర్ల ప్రహరీకి 5 మీటర్ల ఎడంగా ఉంది. గాలివాన గొడవ తీరింది.

తీరనిది శనివారం సాయంత్రం వాన. చేలో ఆదివారం పొద్దున 6.4. బడిలో సోమవారం తాళం తీశాక 4.9. మిగతా ఒకటిన్నర ఏమైనట్టు?

ముందు అనుమానం ఆవిరి మీద. మూతి 10 సెం.మీ. వెడల్పుంటే 1 మి.మీ. వాన 7.85 మి.లీ. మూడు సీసాల్లో తలా 50 మి.లీ. పోసి రెండు రోజులు ఎండలో ఉంచితే మిగిలింది ఇదీ: తెరిచిన సీసాలో 38, బోర్లించిన గరాటు ఉన్నదాంట్లో 47, నాలుగు చుక్కల నూనె వేసినదాంట్లో 49. బడి సీసాకి గరాటు ఉంది కాబట్టి ఆవిరైంది 3 మి.లీ., అంటే 0.4 మి.మీ.

తర్వాత మూతి. కత్తిరించిన ప్లాస్టిక్ కోలగా సాగింది: ఒకవైపు 10.0, అడ్డంగా 9.3. వైశాల్యం 7 శాతం తగ్గింది, అది మరో 0.45. ఇంకా 0.65 తేలలేదు. గోడలకి అంటుకునే తడి అన్ని సీసాలకీ ఒకటే, దాన్ని లెక్కలోకి తేలేం. అసలు ఆ చేలో వానే ఎక్కువ పడిందేమో! చేలో సీసాని తెచ్చి నాలుగు వానలు బడి సీసా పక్కనే నిలబెడితే తప్ప తేలదు.

మూతికి 110 మి.మీ. పీవీసీ గొట్టం ముక్క బిగించాలి, అంచు బయటివైపుకి చెక్కి. లోపలి వ్యాసం కొలిచి లెక్క మార్చాలి. నూనె మాత్రం వద్దు. కొలజాడీకి అంటుకుని నీటిమట్టం కనపడనివ్వదు. మందు సీసా మూతలతో కొలవడం శుద్ధ దండగ. తూగుగిన్నె డిజిటల్ మాపకం (చిన్న గిన్నె నిండి ఒరిగినప్పుడల్లా లెక్కపెట్టేది) కొందామనేవాళ్లున్నారు గానీ, ఆకో పురుగో అడ్డం పడితే అది గుట్టుగా తప్పు చెబుతుంది. సీసాలో చెత్త కంటికి కనిపిస్తుంది.

సెలవు రోజుల కొలత బడి ఎదురింటివాళ్లకి అప్పగించాలి, గేటు తాళం రెండోది ఇచ్చి. వానలు తగ్గాక బావుల నీటిమట్టం, ముడులేసిన తాడుతో, వారానికోసారి. దానికి బోర్డులో కుడి సగం ఖాళీగా ఉంచారు.