మూరెడు మందం గోడలున్న ఇంట్ల వైఫై

దేవరకొండల మా ఇల్లు ముందు సగం కొత్తది, ఎనక సగం తాతలనాటిది. ముందు హాలు, పైన బంగ్ల ఇటుకలతోటి కట్టి స్లాబ్ పోసినం, ఎనక రెండర్రలు మాత్రం రాయి, మట్టితోటి లేపిన గోడలు, ఒక్కొక్కటి మూరెడు మందం. ఎండకాలం ఆ అర్రలల్ల కూలర్ లేకున్నా పండొచ్చు గానీ వైఫై మాత్రం గడప దాటది. ఎవల్నడిగినా ప్లాన్ పెంచుకో అంటరు. 40 ఎంబీపీఎస్ తీస్కున్నా 300 తీస్కున్నా గోడకేం ఫరక్ పడది, వైఫై బాక్స్ (రూటర్) కాడ స్పీడ్ మంచిగొచ్చి అర్రల రాలేదంటే అది ప్లాన్ సంగతి కాదు.

ఏదన్న కొనేముందు ఆండ్రాయిడ్ ఫోన్ల వైఫై అనలైజర్ అసొంటి యాప్ ఒకటి వేస్కొని ఇల్లంత తిరగాలె, పైసా ఖర్చు లేదు. సిగ్నల్‌ని మైనస్ అంకెలల్ల చూపిస్తది, మైనస్ 50 ఉంటే మస్తు, 67 దాక వీడియో కాల్ నడుస్తది, 80 అయిందంటే వాట్సాప్ ఫొటో కూడ తిరుగుతనే ఉంటది. మైనస్ అంకె పది పెరిగినప్పుడల్ల బలం పదో వంతుకు పడిపోతది. మా హాల్ల 48, ఎనక అర్ర దర్వాజల నిలబడితే 61, ఒక్క అడుగు లోపలికేసి గోడ చాటుకు జరిగితే 79. ఒక్క అడుగుకే!

చెల్లె అర్ర ఇంకో కథ. అది కొత్త దిక్కే, నడుమ ఉన్నది నాలుగించుల ఇటుక గోడనే, అయినా 74 చూపిస్తుంది. చూస్తే ఏముంది, బాక్స్‌కు ఆ అర్రకు మధ్యల అమ్మ బీరువా. ఇనుమును సిగ్నల్ దాటది, నిలువుటద్దం ఎనక పూత కూడ అంతే. బీరువా జరుపుదమంటే అమ్మ ఒప్పుకోలే, నైరుతి మూలకే ఉండాల్నంట, వాస్తు ముంగట నా వైఫై ఎంత. సరే అని బాక్స్‌నే జరిపినం. మొదాలు కేబుల్ పిలగాడు కిటికీల నుంచి వైరు లోపలికి గుంజి, దగ్గర పడుతదని టీవీ ఎనకనే బిగించి పోయిండు. చాలా ఇండ్లల్ల గిట్లనే ఉంటది. ఫైబర్ వైరును అడ్డదిడ్డంగ మడిస్తే లోపల అద్దం తీగ విరుగుతది, అందుకే మనం చెయ్యి పెట్టకుండ ఆయన్నే పిలిచి పొడుగు ప్యాచ్‌కార్డ్ (బాక్స్‌కు తగిలిచ్చే ఫైబర్ వైరు) వేపిచ్చి ఇంటి నడుమ మెట్ల కాడ, తలకన్న ఎత్తుల పెట్టిచ్చిన. గంతే, చెల్లె అర్రల 58కి వచ్చింది, ఆఫీస్ కాల్స్ కట్ అయితలెవ్వు.

రాతి అర్రలు మాత్రం లొంగలే. బాక్సుల 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు ఉంటయి గద, 5ది స్పీడ్ ఎక్కువ గానీ గోడలకు తొందరగ సొమ్మసిల్లుతది, 2.4ది ఇంకొంచెం దూరం పోతది గానీ పక్కింటోళ్ల వైఫైలన్ని కూడ దాంట్లనే గుమిగూడుతయి. మూరెడు రాయి ముంగట రెండూ ఒకటే. చిన్నమ్మ కొడుకు రిపీటర్, అంటే సిగ్నల్‌ని అందుకొని మళ్ల పంచే డబ్బ, కొనియ్యే అన్నడు. అగ్గువ రిపీటర్ ఒక్క రేడియోతోనే ఇనాలె, ఒక్క రేడియోతోనే చెప్పాలె, స్పీడ్ సగానికి పడుతది, పైంగ దానికే మంచి సిగ్నల్ అందని కాడ పెడితే అదేం పంచుతది. మెష్ అని, కలిసి పనిచేసే రెండు మూడు బాక్సులు వేలకు వేలు పెట్టి కొన్నా, నడుమ వైరు లేకుంటే ఈ గోడతోటి అదే లొల్లి.

గోడను గెలిచేది వైరొక్కటే. సజ్జ మీద పాత కనెక్షన్ రూటర్ దుమ్ము పట్టి ఉండె, ఎనక అర్రల పెట్టనీకి దాన్ని దించి సెట్టింగులల్ల డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) బంద్ చేసిన, అడ్రస్ 192.168.1.1 ఉంటే చివర 2 చేసిన, లేకుంటే రెండు బాక్సులు కొట్లాడుకుంటయి. మెట్ల కాడి బాక్స్ నుంచి వచ్చే ల్యాన్ (నెట్‌వర్క్) వైరును పాత రూటర్ల వ్యాన్ పోర్టుల (బయటి నెట్ వచ్చే రంధ్రం) కాదు, ల్యాన్ పోర్టులనే పెట్టాలె. పేరు, పాస్‌వర్డ్ రెండిటికీ ఒకటే, 2.4ల చానల్ (సిగ్నల్ నడిచే బాట) మాత్రం దీనికి 1, దానికి 11. వైరు కొనేటప్పుడు ప్యూర్ కాపర్ అని గట్టిగ అడుగుర్రి, అగ్గువదాంట్ల అల్యూమినియం మీద రాగి పూత ఉంటది. క్యాట్ సిక్స్ రకం ల్యాన్ వైరయితే 100 మీటర్ల దాక పోతది, మన ఇండ్లకు ఎక్కువే. రాతి గోడకు డ్రిల్ పెడితే మట్టి కుప్ప రాలుతది, దర్వాజ మీది చిన్న కిటికీల నుంచి తీస్కపోయిన. డాబా మీది నుంచి అల్కగ ఉంటది అన్నరు గానీ కోతులు ఉంచుతయా, పైంగ వానకాలం పిడుగులు, రాగి వైరు బయట ఉంటే బాక్సులు కాలే ఖతరా ఉంది.

ఇప్పుడు ఎనక అర్రల మైనస్ 45. నాయిన మంచంల పండుకోని యూట్యూబ్ల వడ్ల రేట్లు చూస్తుండు. ఒక్క తిప్పలుంది, హాల్ల నుంచి లోపలికి పోతే ఫోను మెట్ల కాడి బాక్స్‌నే పట్టుకోని ఏలాడుతది, ఒకసారి వైఫై ఆఫ్ చేసి ఆన్ చేస్తే దగ్గరిదానికి అంటుకుంటది. కరెంటు పోతే రెండు బాక్సులూ ఇన్వర్టర్ మీద ఉండాలె, ఒక్కదానికే పెడితే లాభం లేదు.

కొత్తిల్లు కట్టేటోళ్లు మేస్త్రికి ముందే చెప్పుర్రి, కరెంటు వైర్లది కాకుండ ఇంకో ఖాళీ పైపు ప్రతి అర్రకు ఏసి పెట్టుమని. సీసీ కెమెరాలకు కూడ అదే పైపు పనికొస్తది.