తాబేళ్ల తీరానికి ఎవరెందుకు వచ్చారు

కోస్టారికాలోని కరీబియన్ తీరాన ఉన్న టోర్టుగెరోకు రోడ్డు మార్గం లేదు. ఎక్కువ మంది కాలువల వెంట పడవలోనే వెళ్తారు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే సముద్రపు తాబేళ్లను లెక్కించే పనిలో వాలంటీరుగా చేరేందుకు నేను అక్కడికి వెళ్లాను. శాస్త్రవేత్త ఆర్చీ కార్ 1950లలో ప్రారంభించిన ఆ పని నేటికీ ఆగలేదు. ఎందుకు వచ్చారని మొదటి రోజు ఎవరిని అడిగినా ప్రకృతికి మేలు చేయాలనే అన్నారు. అది అబద్ధం కాదు గానీ, దరఖాస్తులో రాసిన వాక్యాన్నే మళ్లీ చదివి వినిపించినట్టు ఉండేది.

అసలు సంగతులు రాత్రి గస్తీలో బయటపడ్డాయి. ముదురు రంగు బట్టలు వేసుకుని, ఎర్ర కాంతి టార్చి తప్ప మరో వెలుగు లేకుండా, కాలు దిగబడే ఇసుకలో గంటల తరబడి నడుస్తున్నప్పుడు, ఎదుటివారి ముఖం కనిపించకపోవడం వల్లనేమో, మనుషులు దాపరికం లేకుండా మాట్లాడతారు. ఒక విద్యార్థినికి పై చదువుకు క్షేత్రానుభవం కావాలి. ఉద్యోగ విరమణ చేసిన ఒకాయనకు ఇంట్లో ఊరికే కూర్చోవడం భరించరానిదైంది. పెళ్లి సంబంధం తప్పిపోయిన ఒక యువకుడికి తనను ఎరిగినవారు లేని చోటు కావాలి. నా సంగతంటారా, చేతిలో పని లేకపోతే కొత్త ఊళ్లో రెండో రోజుకే విసుగు పుడుతుంది. సేవకు పురికొల్పే కారణాలను క్లారీ, స్నైడర్ తదితర మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ఆరుగా వర్గీకరించారు: విలువలు, తెలుసుకోవాలన్న ఆసక్తి, సాంగత్యం, ఉద్యోగ ప్రయోజనం, మనోవేదన నుంచి ఉపశమనం, ఆత్మవిశ్వాసం. ఆ ఆరూ మా చిన్న బృందంలోనే ఉన్నాయి.

తాబేలు వెనుక కాళ్లతో తవ్విన గుంత పక్కన బోర్లా పడుకుని, తొడుగు వేసుకున్న చేతి మీదుగా జారిపడే తెల్లని గుడ్లను కౌంటర్ నొక్కుతూ లెక్కపెట్టాలి. నూరు దాటడం మామూలే. సర్టిఫికెట్ కోసమే వచ్చానని మొహమాటం లేకుండా చెప్పిన విద్యార్థిని లెక్కలో ఎన్నడూ తడబడలేదు. ప్రకృతి గురించి అందరికన్నా ఎక్కువగా మాట్లాడిన వ్యక్తి మాత్రం, రాత్రి తీరంలో ఫొటోలు తీయకూడదన్న నిబంధన మీద రోజూ గొణిగేవాడు. తాబేలుకు ఇద్దరూ ఒకటే; ఎవరి ఉద్దేశం ఏదైనా అది గుంత పూడ్చుకుని సముద్రంలోకి వెళ్లిపోతుంది.

అయితే ఉద్దేశానికి పట్టింపు లేని పని కనుకనే తాను దీన్ని ఎంచుకున్నానని మాలో ఒకావిడ అన్నారు. అంతకుముందు ఆవిడ మరో దేశంలోని ఒక అనాథాశ్రమంలో కొన్ని వారాలు పనిచేశారు. పిల్లల ప్రేమ తనకు కావలసి వెళ్లానని, అది దొరికిందని, తాను బయలుదేరిన మర్నాడే మరో వాలంటీరు రావడం, పిల్లలు ఆమె చేతినీ అలాగే పట్టుకోవడం జరిగిందని తర్వాత తెలిసిందని చెప్పారు. వారిలో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారట. అక్కడ తన అవసరం తీరిందే గానీ వారిది తీరలేదని ఆవిడ అభిప్రాయం, నేను కాదనలేకపోయాను.