నీలం పంపు చేయలేని పని

ఉబ్బసానికి వాడే నీలం పంపు (ఇన్హేలర్) మీద నాకు కోపం లేదు. అదొక్కటే చేతిలో పెట్టి, "ఆయాసం వస్తే కొట్టుకోండి, చాలు" అని పంపేసిన క్లినిక్ మీద ఉంది. అందులోని సాల్బుటమాల్ అనే మందు ఊపిరి గొట్టం చుట్టూ బిగిసిన కండరాన్ని కొన్ని గంటలు సడలిస్తుంది, అంతే. లోపలి పొర వాపు జోలికి పోదు. ఉబ్బసం కాపురం ఆ పొరలోనే.

ఆసుపత్రిలో చెస్ట్ డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పొరలోని కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. వాటి మీది సన్నటి నూగు దుమ్ము పట్టిన జిగురును గొంతువైపు తోసేస్తూ ఉంటుంది. పరుపుల్లో కంటికి కనపడని ధూళి పురుగులుంటాయి, వాటి రెట్టలోని ఎంజైములు ఆ అతుకుల్నే కోస్తాయి. మన విశాఖ తేమలో వాటికి ఏడాదంతా పండగే. అతుకు తెగితే ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చిపడి, పొరనే రాల్చేస్తాయి. రాలిన కణాలూ చిక్కటి కఫమూ కలిసి గొట్టానికి బిరడాలవుతాయి.

ఆ రాత్రి నాకైంది అదే. తుపాను ముసురు, మర్రిపాలెంలో మా ఇంటి తలుపులన్నీ బిగించి ఉన్నాయి. పంపు ఎన్నిసార్లు కొట్టినా రెండు మాటలు కలిపి పలకలేకపోతున్నాను. మంచం పట్టె పట్టుకుని భుజాలతో గాలి లాగుతున్నాను. తెల్లవారుజామున పిల్లికూతలు ఆగిపోయాయి. "హమ్మయ్య, తగ్గింది, కాస్త పడుకోమ్మా" అంది పెద్దమ్మ. తగ్గడం కాదది. కూత రావాలన్నా గాలి ఆడాలి, నాకు గాలే ఆడటం లేదు. నీలిరంగు తిరిగిన నా పెదాలు చూసి తమ్ముడు ఆటో కోసం పరిగెత్తాడు. ఆక్సిజన్, నెబులైజర్, స్టెరాయిడ్ ఇంజెక్షన్, వార్డు. అమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. స్వామి దయా, తమ్ముడి కాళ్లూ, రెండింటి రుణమూ నాకుంది.

ఇప్పుడు బుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన పంపు రెండు పూటలా వాడుతున్నాను. పొర వాపు తీసేది బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, కండరాన్ని సడలించేది ఫార్మొటెరాల్. పొర కుదుటపడటానికి వారాలు పడుతుంది. ఉబ్బసానికి నీలం పంపు ఒక్కటే ఇవ్వొద్దని జినా (ఉబ్బసం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు 2019 లోనే చెప్పాయి. అది తెలిశాక ఆ క్లినిక్ మీద కోపం రెట్టింపైంది.

"స్టెరాయిడ్ అలవాటైపోద్ది" అనేవాళ్లు తెలుసుకోవాలి: పంపులో ఒక డోసు 100, 200 మైక్రోగ్రాములు. దాడి ముదిరాక మింగించే మాత్రలు రోజుకు 40 నుంచి 50 మిల్లీగ్రాములు. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు.

పంపు బాగా ఊపి, మందు నిలిచే ప్లాస్టిక్ గొట్టమైన స్పేసర్‌కు తగిలించి, ఊపిరంతా వదిలి, ఒక్కసారి నొక్కి నిదానంగా పీల్చాలి. పది సెకన్లు బిగబట్టాలి. రెండో డోసుకు మళ్లీ ఊపాలి. ఆపైన పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నాలుక మీద తెల్లపూత, గొంతు బొంగురు. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి తీసి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే స్థిరవిద్యుత్తు పుట్టి మందు గోడకే అంటుకుంటుంది. ధూళి పురుగులు చావాలంటే దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి.

బాగున్నా మానేయొద్దు. రెండు మూడు నెలలు అదుపులో ఉంటేనే డాక్టరు డోసు తగ్గిస్తారు. 200 డోసుల నీలం పంపులు ఏడాదికి మూడు ఖాళీ అవుతుంటే, నాలుగోది కొనకముందే చెస్ట్ డాక్టరుకు చూపించుకోండి.