వరుసలో నిలబెట్టని కోచ్

టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో శనివారం పొద్దున ఏ సాకర్ మైదానానికి వెళ్లినా అంచు గీత పక్కన మడత కుర్చీల్లోంచి తెలుగు కేకలు వినిపిస్తాయి. "కొట్టు నాన్నా, కొట్టు!" "పరిగెత్తు తల్లీ!" ఆ గోలలో కోచ్ చెప్పేది పిల్లలకు వినిపిస్తే గొప్పే.

మనం ట్యూషన్లలో పెరిగినవాళ్లం. మాస్టారు ఎంత గట్టిగా అరిస్తే అంత బాగా చెబుతున్నట్టు లెక్క. కోచ్‌లనూ అదే కొలతతో కొలుస్తాం. ప్రాక్టీసుకు వెళితే నేను చూసేది ఒక్కటే: పిల్లలు ఎంతసేపు వరుసలో నిలబడి వంతు కోసం ఎదురుచూస్తున్నారు? పదిమంది నిలబడి ఒక్కరు తన్నుతుంటే, ఆ కోచ్ ఎంత పేరున్నవాడైనా నాకు అక్కర్లేదు.

అమెరికా సాకర్ సమాఖ్య 2017 నుంచి అమలు చేస్తున్న పద్ధతిలోనూ ఉన్నది ఇదే. 8 ఏళ్ల విభాగం వరకు జట్టుకు నలుగురే, గోల్‌కీపర్ ఉండరు. ఆ పైన ఏడుగురు, తర్వాత తొమ్మిదిమంది. పదకొండుమంది ఆట 13 ఏళ్ల విభాగం నుంచే. మంది తగ్గితే ప్రతి పిల్లకూ బంతి దొరుకుతుంది.

మా పాప కోచ్ జట్టులోని మరో పిల్ల తండ్రే. జీతం లేదు, వారమంతా ఆయన ఉద్యోగం ఆయనకుంది. పాప ఆయన్ని పేరు పెట్టి పిలవడం మా మామగారికి ఇప్పటికీ మింగుడు పడలేదు. ఒకసారి బంతి గాల్లోకి లేస్తే మనవాళ్లలో ఒకాయన "తలతో కొట్టు!" అని అరిచారు. కోచ్ విరామంలో వచ్చి, పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలు తలతో కొట్టడం నిషేధమని మర్యాదగా చెప్పి వెళ్లారు. పాప బంతి పోగొట్టుకుని మా వైపు బిక్కమొహంతో చూసినప్పుడు ఆయన తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. "ఖాళీ ఎటు ఉంది?" అని అడిగారంతే. అది ఎడమ వైపు చేయి చూపించి మళ్లీ పరుగు తీసింది.

ఆట బాగా వచ్చినవాళ్లంతా మంచి కోచ్‌లు కారు. కాలేజీలో ఆడిన ఒకాయన ఏడేళ్ల పిల్లలకు పావుగంటసేపు వ్యూహం చెప్పడం చూశాను. వాళ్లు గడ్డి పీక్కుంటూ కూర్చున్నారు.

వచ్చే సీజన్‌కు కోచ్‌లు కావాలని మొన్న మెయిల్ వచ్చింది. ఆట రాకపోయినా పర్వాలేదు, చిన్నపిల్లల నలుగురి ఆటకు సమాఖ్యే విడిగా కోర్సు పెట్టింది. మన వాట్సాప్ గ్రూపులో ఇంతవరకూ ఎవరూ పలకలేదు. మా ఆయన పేరు నేనే ఇచ్చేశాను, ఆయనకు ఇంకా చెప్పలేదు.